నెల రోజులకు దుబాయి పోతే

గల్ఫ్ మాట తెలియని పల్లె ఇప్పుడు తక్కువ. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్ వైపు ఎవరు ఏ గల్ఫ్ దేశానికి వెళ్లినా "దుబాయి పోయిండు" అంటారు. సౌదీ పోయినా దుబాయే. మస్కట్ పోయినా దుబాయే. కడప వైపు, గోదావరి వైపు కువైట్ మాట ఎక్కువగా వినిపిస్తుంది. నిజానికి ఇవి వేరు వేరు దేశాలు. చట్టాలు వేరు. వీసాలు వేరు. ఒక దేశం వీసా పట్టుకుని ఇంకో దేశంలో దిగలేం. అందుకని ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఇదే. మన మనిషి ఉన్నది ఏ దేశంలో? ఏ ఊళ్లో?

దుబాయి ఒక నగరం. అది యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ అనే దేశంలో ఉంది. పేరు పొడుగు కదా, అందుకని యూఏఈ అంటారు. 1971లో ఆ దేశం ఏర్పడింది. అందులో ఏడు చిన్న రాజ్యాలున్నాయి. దుబాయి, షార్జా, అజ్మాన్ మనవాళ్ల నోట తరచుగా వినిపించే పేర్లు. దేశానికి రాజధాని మాత్రం దుబాయి కాదు. అబుదాబి.

ఇదివరకు మగవాళ్లు పనికి పోయేవాళ్లు. ఇంట్లో వాళ్లు ఎదురు చూసేవాళ్లు. ఇప్పుడు కొంతమంది భార్యాపిల్లలను నెల రోజులకు పిలిపించుకుంటున్నారు. కొడుకులు తల్లిదండ్రులను పిలుస్తున్నారు. చూడ్డానికి రమ్మంటే ఎవరికి సంతోషం ఉండదు? కాని అక్కడి చట్టం గట్టిది. తెలియక చేశామంటే ఊరుకోదు. వంటింట్లో ఉండే గుప్పెడు గింజలు కూడా మనిషిని జైలుకు పంపగలవు. ఆ సంగతి తర్వాత చూద్దాం. ముందు కాగితాల గురించి తెలుసుకుందాం.

పాస్‌పోర్టు, వీసా

పాస్‌పోర్టు ఉంటే చాలదు. దాని గడువు చూడాలి. దుబాయిలో దిగే రోజు నుంచి ఇంకా కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. పెద్దవాళ్ల పాస్‌పోర్టు పదేళ్లు నడుస్తుంది. పిల్లలది అయిదేళ్లే. పెద్దవాళ్లది బాగానే ఉండి, పిల్లవాడిది గడువు తీరి ఆగిపోయే కుటుంబాలు ఉంటాయి. చంటిపిల్లకైనా సొంత పాస్‌పోర్టు ఉండాలి.

పేరు దగ్గర ఇంకో చిక్కు ఉంది. మన పల్లెల్లో కొందరి పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉంటుంది. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. ఇలాంటి వాళ్లను విజిట్ వీసా మీద రానివ్వబోమని 2022 నవంబరులో యూఏఈ చెప్పింది. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో, ఇంటిపేరో ఉంటే పనికొస్తుందని తర్వాత సవరించింది. కాబట్టి టికెట్ కొనక ముందే పాస్‌పోర్టు తెరిచి చూడండి. మీ పేరు మీరే చదువుకోండి. ఒక్క పేరే ఉంటే, విమాన సంస్థను అడిగి తేల్చుకున్నాకే డబ్బు కట్టండి.

పదో తరగతి పాసు కాని వాళ్ల పాస్‌పోర్టును ఈసీఆర్ పాస్‌పోర్టు అంటారు. అలాంటి వాళ్లు గల్ఫ్‌కు పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. చూడ్డానికి పోయే వాళ్లకు ఆ అనుమతి అక్కర్లేదు. అయినా శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ అధికారి ప్రశ్నలు అడుగుతాడు. ఎవరి దగ్గరకు పోతున్నారు? ఎన్ని రోజులు? తిరుగు టికెట్ ఏది? భయపడే పని లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. భర్త దగ్గరకు పోయే ఆమె పెళ్లి సర్టిఫికెట్, భర్త పాస్‌పోర్టు నకలు, ఆయన అక్కడి గుర్తింపు కార్డు నకలు చేతిలో పెట్టుకుంటే మాట సులువుగా తెగుతుంది. ఆ కార్డును ఎమిరేట్స్ ఐడీ అంటారు.

విజిట్ వీసా అంటే చూసి రావడానికి ఇచ్చే వీసా. 30 రోజులది ఉంది, 60 రోజులది ఉంది. అది పని చేయడానికి కాదు. ఇళ్లలో పనికైనా, హోటల్లో పనికైనా ఆ వీసా మీద చేరితే నేరం. "ముందు విజిట్ మీద పోండి, పని అక్కడ చూపిస్తాం" అని చెప్పే ఏజెంట్ల మాట నమ్మవద్దు. అలా పోయిన ఆడవాళ్లకు జీతం ఎగ్గొట్టినా ధైర్యంగా అడగలేరు. తామే తప్పు చేసిన వాళ్లవుతారు.

వీసా గడువు దాటితే రోజుకు 50 దిర్హాములు జరిమానా పడుతుంది. దిర్హాము అంటే అక్కడి రూపాయి. నలుగురు మనుషులు పది రోజులు ఎక్కువ ఉన్నారనుకోండి. 4 ను 10 తో, దాన్ని 50 తో గుణించండి. 2,000 దిర్హాములు. ఒక కూలి మనిషి నెల జీతం అటూ ఇటూగా పోయినట్టే. వీసా కాగితం మీద తేదీ ఉంటుంది. దాన్ని చదివి, ఇంట్లో క్యాలెండరు మీద గుండ్రంగా గీత పెట్టుకోండి.

ఎక్కడ ఉంటారు?

ఈ ప్రశ్న చాలామంది అడగరు. అడగాలంటే మొహమాటం.

ఊరికి వచ్చే ఫోటోలో వెనకాల బుర్జ్ ఖలీఫా ఉంటుంది. ఆ భవనం ఎత్తు 828 మీటర్లు. 2010లో తెరిచారు. ఫోటో తీయించుకున్న మనిషి మాత్రం రాత్రికి పోయేది క్యాంపు గదికి. అక్కడ ఒక్కో గదిలో ఆరుగురు, ఎనిమిది మంది. మంచం మీద మంచం. కూలి పని వాళ్లకు కంపెనీ ఇచ్చే ఆ గదుల్లో కుటుంబాన్ని ఉంచుకోవడానికి వీలు లేదు. ఆడవాళ్లను, పిల్లలను ఉండనివ్వరు. అంటే నెల రోజులకు వేరే గది అద్దెకు తీసుకోవాలి. దుబాయిలో అద్దెలు మండిపోతాయి. షార్జా, అజ్మాన్‌లలో కొంచెం నయం. కాని అక్కడి నుంచి దుబాయికి వచ్చే దారిలో పొద్దున, సాయంత్రం బండ్లు గంటల తరబడి ఆగుతాయి.

కొందరు మగవాళ్లు ఈ సంగతి ఇంట్లో చెప్పరు. చెప్తే చిన్నతనం అనుకుంటారు. అప్పు తెచ్చి గది తీసుకుంటారు. అందుకని రమ్మన్న రోజే అడగాలి. గది ఎవరిది? అద్దె ఎంత? కుటుంబాలు ఉండే ఇల్లేనా, లేక పరదా కట్టి పంచుకునే గదా?

ఇంకొకటి. ఆయనకు సెలవు ఉందా? వారానికి ఒక్క రోజు సెలవు ఉన్న మనిషి పొద్దున అయిదింటికి బస్సెక్కి, రాత్రికి వస్తాడు. ఆ నెలంతా తల్లీ పిల్లలు నాలుగు గోడల మధ్య ఉండాలి. యూఏఈ కార్మిక చట్టం ప్రకారం ఏడాది పని చేసిన వాడికి 30 రోజుల జీతం సెలవు హక్కుగా వస్తుంది. ఆ సెలవులో ఆయన ఊరికి వస్తే ఒక్క టికెట్. కుటుంబమంతా అక్కడికి పోతే మూడో, నాలుగో టికెట్లు, గది అద్దె, తిండి. రెండూ పక్కపక్కన రాసి కూడి చూడండి. పోవద్దని కాదు. లెక్క తెలిసి పోవాలి. పసుపు పంట మీద అప్పు తెచ్చి పోవలసిన ప్రయాణం మాత్రం కాదిది.

పోదామనుకుంటే నవంబరు నుంచి మార్చి లోపు మంచిది. అప్పుడు అక్కడ చల్లగా, హాయిగా ఉంటుంది. బడి సెలవులని మే, జూన్‌లో పోతే ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పగలు పిల్లలతో బయట అడుగు పెట్టలేరు. బయట పనిచేసే కూలీలకే జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు పని ఆపాలని అక్కడ చట్టం ఉంది. అంత ఎండ. రంజాన్ నెల ఎప్పుడో కూడా కనుక్కోండి. అది ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. ఆ నెలలో పగటిపూట రోడ్ల మీద తింటూ, తాగుతూ తిరగకపోవడం మర్యాద.

పెట్టెలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

ప్రయాణం ముందు రోజు ఇంట్లో ఇలాంటి మాటలు నడుస్తాయి.

"అత్తమ్మా, ఈ మసాల పొడి తీసెయ్యాలె."

"ఎందుకే? నిన్ననే దంచిన. కొడుకుకు మటన్ల ఏసుకోను."

"అండ్ల గసగసాలు ఉన్నయి. దుబాయిల గసగసాలు దొరికితె జైలేనంట."

"గసగసాలకు జైలా? కూరల ఏసుకునేటియే గద పిల్లా!"

కోడలు చెప్పిందే నిజం. గసగసాలు నల్లమందు మొక్క గింజలు. మన దేశంలో కిరాణా దుకాణంలో అమ్ముతారు. యూఏఈలో అవి నిషేధం. మత్తు పదార్థాల చట్టం కింద పట్టుకుంటారు. కూరలోకని చెప్పినా వినరు. విడి పొట్లమే కాదు. గసగసాలు కలిపి దంచిన మసాలా పొడి వద్దు. గసగసాలు అద్దిన అరిసెలు వద్దు. నువ్వులు అద్దినవి నిక్షేపంగా తీసుకుపోవచ్చు. సకినాలు, మురుకులు, కారప్పొడి తీసుకుపోవచ్చు. మసాలా కావాలంటే గసగసాలు లేకుండా వేరేగా దంచండి. అంతకు ముందు ఆ రోలు, మిక్సీ గిన్నె కడగండి.

తమలపాకులు కూడా తీసుకుపోకూడదు. ఆకు వక్క అలవాటున్న ముసలివాళ్లు పోయే ముందే మనసు గట్టి చేసుకోవాలి. అక్కడ ఉమ్మితే జరిమానా వేస్తారు.

మందుల సంగతి ఇంకా జాగ్రత్త. బీపీ, షుగరు మాత్రలు ఇంగ్లీషులో రాసిన డాక్టరు చీటీతో, కొన్న అట్టలోనే తీసుకుపోవాలి. విప్పి డబ్బాలో పోయవద్దు. నొప్పికి వాడే ట్రమడాల్, కోడీన్ ఉన్న దగ్గు మందు, నిద్రకు వాడే ఆల్‌ప్రజోలం, డయాజిపామ్ వంటివి అక్కడ అదుపులో ఉన్న మందులు. వాటికి యూఏఈ ప్రభుత్వం దగ్గర ముందుగా అనుమతి తీసుకోవాలి. మీ మాత్రల్లో ఏం ఉందో తెలియకపోతే చీటీని మందుల దుకాణం ఆయనకు చూపించి ఈ నాలుగు పేర్లు అడగండి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇతరుల పొట్లం. "అక్కా, మా వాడికి ఈ డబ్బా ఇయ్యరాదు, గంతే" అంటారు. ఊరివాళ్లు, కాదనలేం. కాని మీ పెట్టెలో దొరికింది మీదే. మీకు తెలియదని చెప్తే అక్కడి పోలీసులు నమ్మరు. ఎవరిచ్చినా వాళ్ల ముందే విప్పండి. చెప్పుల అడుగు చూడండి, పచ్చడి సీసా మూత తీసి చూడండి. విప్పనివ్వకపోతే తీసుకోవద్దు. ఈ విషయంలో మొహమాటం పనికి రాదు. ఇలా ఇంకొకరి సంచి మోసి ఏళ్ల తరబడి గల్ఫ్ జైళ్లలో ఉన్నవాళ్లు ఉన్నారు.

ఇక విమానం నియమాలు. పచ్చడి, నెయ్యి, నూనె చేతి సంచిలో పోనివ్వరు. పెద్ద పెట్టెలో, గట్టి మూత సీసాలో పెట్టి, పైన ప్లాస్టిక్ సంచి చుట్టాలి. ఎండు కొబ్బరిని 2022 నుంచి పెద్ద పెట్టెలో పెట్టనివ్వడం లేదు. దానిలో నూనె ఎక్కువ, నిప్పు అంటుకుంటుందని. ఫోనుకు వాడే పవర్ బ్యాంకు దీనికి తిరకాసు. అది పెద్ద పెట్టెలో వద్దు, చేతి సంచిలోనే ఉండాలి. ఎన్ని కిలోలు తీసుకుపోవచ్చో టికెట్ మీద రాసి ఉంటుంది. ఇంటి దగ్గరే తూచుకోండి. విమానాశ్రయంలో పెట్టె విప్పి బియ్యప్పిండి పారబోయడం కంటే అది నయం.

చదువు పనికొచ్చే చోటు

విమానం ఎక్కడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అంకెలు, కొన్ని ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపడితే చాలు. విమానం బయలుదేరడానికి మూడు గంటల ముందే చేరాలి. పెట్టె ఇచ్చాక ఒక చీటీ ఇస్తారు. దాన్ని బోర్డింగ్ పాస్ అంటారు. దాని మీద చూడవలసినవి మూడు. గేటు నంబరు, సీటు నంబరు, ఎక్కవలసిన సమయం. సీటు 14సి అంటే పద్నాలుగో వరుస, సి అక్షరం ఉన్న కుర్చీ. గేటు నంబరు ఒక్కోసారి చివరి నిమిషంలో మారుతుంది. తెర మీద మీ విమానం నంబరు వెతికి మళ్లీ చూసుకోండి. వెనకటిలా ఫారం నింపిపెట్టమని ఎవరినో బతిమాలే పని లేదు. భారతీయులు దేశం దాటేటప్పుడు నింపే ఆ కార్డును 2017 జూలైలో తీసేశారు.

హైదరాబాద్ నుంచి దుబాయికి సుమారు నాలుగు గంటల ప్రయాణం. దిగాక గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకోవాలి. మనకు పన్నెండైతే అక్కడ పదిన్నర.

అక్కడి బోర్డులు అరబ్బీలో, ఇంగ్లీషులో ఉంటాయి. అరబ్బీ అంకెలు కొంచెం తికమక పెడతాయి. వాళ్ల 5 మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది. వాళ్ల సున్నా ఒక చుక్క. వాళ్ల 6 చూస్తే 7 అనిపిస్తుంది. పక్కనే మామూలు అంకెలు ఉంటాయి కాబట్టి వాటినే చదవండి. మాటకు ఇబ్బంది లేదు. టాక్సీ నడిపే వాళ్లు, దుకాణం వాళ్లు చాలామంది మన దేశం, పాకిస్తాన్, బంగ్లాదేశ్ వాళ్లే. హిందీ, ఉర్దూ నడుస్తుంది.

ఒక దిర్హాముకు 100 ఫిల్సులు. దిర్హాము విలువ మన రూపాయల్లో 20కి పైమాటే. రోజూ మారుతుంది. బయలుదేరే రోజు రేటు అడిగి చిన్న పుస్తకంలో రాసుకోండి. రేటు 25 అనుకుంటే 4 దిర్హాములు 100 రూపాయలు. బొమ్మ ధర 40 దిర్హాములని ఉంటే వెయ్యి రూపాయలన్నమాట. ఈ లెక్క నోటికి వస్తే పిల్లలు అడిగిందల్లా కొనరు.

తిరగడం

దుబాయిలో 2009 నుంచి మెట్రో రైలు ఉంది. విమానాశ్రయం టెర్మినల్ 1, 3 దగ్గర స్టేషన్లున్నాయి. టెర్మినల్ 2లో దిగేవాళ్లకు లేదు. వాళ్లు బస్సో టాక్సీయో ఎక్కాలి. మెట్రోకు నోల్ కార్డు కావాలి. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. అయిదేళ్ల లోపు పిల్లలకు అక్కర్లేదు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కార్డు తాకించాలి. ఆడవాళ్లకు, పిల్లలకు వేరే పెట్టె ఉంటుంది. అందులో మగవాళ్లు నిలబడితే 100 దిర్హాములు జరిమానా. రైల్లో ఏమీ తినకూడదు, మంచినీళ్లు కూడా తాగకూడదు. చంటిపిల్లలు ఉంటే ఎక్కక ముందే తాగించండి. ఆడవాళ్లే నడిపే టాక్సీలు కూడా ఉన్నాయి. వాటి పైకప్పు గులాబీ రంగు.

డబ్బు పెట్టకుండా చూసేవి చాలా ఉన్నాయి. బుర్జ్ ఖలీఫా పైకి ఎక్కడానికే టికెట్. కింద నిలబడి చూస్తే ఏమీ అడగరు. బర్ దుబాయి నుంచి దేరాకు వాగు దాటించే చెక్క పడవలు ఉన్నాయి. వాటిని అబ్రా అంటారు. మనిషికి ఒక్క దిర్హాము. సాయంత్రం పూట ఆ పడవ ఎక్కితే వచ్చే గాలి పెద్ద పెద్ద మాల్‌లలో దొరకదు. అవతలి ఒడ్డున మసాలా దినుసుల బజారు, బంగారు బజారు. జబల్ అలీలో 2022లో తెరిచిన హిందూ దేవాలయం ఉంది. సముద్రపు ఒడ్డు ఉంది. కరామా, బర్ దుబాయి వైపు ఇడ్లీ, దోసె, అన్నం దొరికే హోటళ్లకు కొదవ లేదు.

రోడ్డు మాత్రం గీతలున్న చోటే దాటాలి. ఎక్కడబడితే అక్కడ దాటితే 400 దిర్హాములు. తెలియని ఆడవాళ్ల ఫోటోలు తీయవద్దు. పోలీసు, సైన్యం వాళ్ల చోట్ల ఫోను పైకి ఎత్తవద్దు. వాట్సాప్‌లో ఎవరినైనా తిట్టి రాసినా అక్కడ కేసే. వాట్సాప్ రాతలు, ఫోటోలు పోతాయి కాని ఫోన్ కాల్ సాధారణంగా కలవదు. అక్కడివాళ్లు బోటిమ్ అనే యాప్ వాడతారు. ఊళ్లో ఉన్న వాళ్ల ఫోనులో కూడా పోయే ముందే అది పెట్టించండి. లేకపోతే "దిగినమో లేదో ఫోనే లేదు" అని ఇక్కడ ముసలమ్మ రాత్రంతా కూర్చుంటుంది.

ఆపద వస్తే పోలీసులకు 999. అంబులెన్సుకు 998. భారతీయుల కోసం మన ప్రభుత్వం నడిపే సహాయ కేంద్రం నంబరు 800 46342. యూఏఈలో దానికి ఎప్పుడైనా ఫోను చేయొచ్చు, డబ్బు పడదు. ఈ మూడు నంబర్లను కాగితం మీద రాసి పిల్లల జేబులో కూడా పెట్టండి. పాస్‌పోర్టు ఎవరికీ తాకట్టు పెట్టవద్దు. దాని నకలు ఒకటి పెట్టెలో, ఒకటి ఊళ్లో ఉంచండి.

తిరిగి వచ్చేటప్పుడు

వచ్చే ముందు టికెట్ మరోసారి సరి చూసుకోండి. ఆ ప్రాంతంలో గొడవలు వస్తే విమానాలు ఆగుతాయి. 2025 జూన్‌లో ఇరాన్ క్షిపణులు ఖతార్ మీద పడినప్పుడు గల్ఫ్ దేశాలు ఆకాశమార్గాన్ని కొంతసేపు మూసేశాయి. వీసా చివరి రోజుకే టికెట్ కొనుక్కుంటే అలాంటప్పుడు ఇబ్బంది. నాలుగైదు రోజులు ముందుగా ఉండాలి.

బంగారం దగ్గర చాలామంది పొరబడతారు. "ఆడవాళ్లు 40 గ్రాములు తేవొచ్చట" అని వింటారు. ఆ మాట నిజమే. ఆడవాళ్లకు 40 గ్రాములు, మగవాళ్లకు 20 గ్రాముల నగలు సుంకం లేకుండా తేవొచ్చు. అయితే ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చిన వాళ్లకే అది. నెల రోజులకు పోయి వచ్చే భార్యకు వర్తించదు. ఆమె కొత్త గొలుసు వేసుకుని వస్తే సుంకం కట్టాలి. కొన్న రసీదు దగ్గర ఉంచుకోవాలి.

మరి పోయేటప్పుడు ఒంటి మీద ఉన్న పాత నగలో? పుస్తెలతాడు వరకు ఎవరూ అడగరు. బరువైన నగలు ఉంటే ఇంట్లోనే పెట్టి పోవడం మేలు. తప్పదంటే శంషాబాద్‌లో ఎక్కే ముందే కస్టమ్స్ వాళ్లకు చూపించి కాగితం రాయించుకోవాలి. తిరిగి వచ్చినప్పుడు ఆ కాగితమే సాక్ష్యం. దిగాక బయటికి రెండు దారులుంటాయి. సుంకం కట్టవలసింది ఏమీ లేనివాళ్లకు ఆకుపచ్చ దారి. ఉన్నవాళ్లకు ఎర్ర దారి. కొత్త బంగారం ఉన్నవాళ్లు ఎర్ర దారిలోకి నడిచి తామే చెప్పాలి. ఆకుపచ్చ దారిలో పోతూ దొరికితే సుంకంతో పాటు జరిమానా పడుతుంది. గొలుసు కూడా వాళ్ల దగ్గరే ఉండిపోవచ్చు.